సీబా దున్నిన పొలం

మూడు వచనాలు చదివానో లేదో ఆమె చెయ్యెత్తి ఆపింది.

"బస్ సారు. ఇయ్యాల్టికి గంతే."

"అప్పుడేనా?"

"గంతే. ఇగ దాన్ని నములుడే."

నాకు నమిలే ఓపిక లేదు. గొల్లపల్లి వెళ్ళే దారిలో సంత జరిగే ఊళ్ళో నాదొక అద్దె గది. అక్కడి నుంచి ఈ ఇంటికి ఎండలో గంట నడక. ఆ నడకంతా మూడు వచనాల కోసమా అనిపించింది. పుస్తకం మూసి మోకాళ్ళ మీద పెట్టుకుని కుర్చీలో నిటారుగా కూర్చున్నాను. వెనక్కి ఆనుకుని కూర్చోవడం మా ఇంట్లో ఎవరికీ అలవాటు చేయలేదు. అది జబ్బు మనిషి లక్షణం అనేవాడు మా తాత.

ఆ ఇంటి ముందరి పందిరి కిందికి ఇరుగుపొరుగు నలుగురైదుగురు వచ్చేవాళ్ళు, మధ్యలో లేచి పోయేవాళ్ళు. ఎప్పుడూ ఉండేది ముగ్గురు. నన్ను ఆపినామె ఆ ఇంటి కోడలు. జగదల్‌పూర్ వైపు పిల్ల. హల్బీ, హిందీ ఆమె భాషలు. తెలుగు పెళ్ళయ్యాక ఈ ఇంట్లో నేర్చుకున్నదే. పెళ్ళికి ముందు రెండేళ్ళు హిందీలో బైబిలు శిక్షణ పొందింది. అప్పుడు రాసుకున్న లావుపాటి నోటుబుక్కు ఎప్పుడూ ఒళ్ళో ఉండేది. రెండో మనిషి ఆమె అత్త. డెబ్భై దాటిన ముసలామె. డోర్లీ, తెలుగు తప్ప మరో మాట ఎరగదు, చెవి కొంచెం మందం. భద్రాచలం వైపు నుంచి తెచ్చుకున్న తెలుగు బైబిలు ఆ ఇంట్లో ఉంది గానీ చదివేవాళ్ళు లేరు. ఇటువైపు బడులన్నీ హిందీవి. నాకు తెలుగు అక్షరాలు మా అమ్మ ఇంట్లో నేర్పింది. అది తెలిసి కోడలు ఒక సంత రోజున నన్ను ఆపి, "మీరు సదివితే మా అత్త ఇంటది సారు, ఆదివారం రాండ్రి" అంది. నేను ఆ మతం వాణ్ణి కాను. గొంతు మాత్రం ఇస్తానన్నాను.

మూడో మనిషి కోడలి భర్త. అతని తండ్రి మా పాలేరు.

ఆ మాట చెప్పాక పొలం సంగతి చెప్పకుండా ఉండలేను. మా ముత్తాతల కాలంలో రాజుగారి తరఫున నాలుగు ఊళ్ళ మీద పెత్తనం మా ఇంటిది. మా వాకిలి ముందు నుంచి వెళ్ళేవాళ్ళు చెప్పులు చేతబట్టుకుని నడిచేవాళ్ళు. నేను పుట్టేనాటికి పెత్తనం లేదు. పొలాలు ఒక్కొక్కటే జారిపోయి, మా నాన్న కాలానికి వాగు పక్కన ఒక్క వరిమడి మిగిలింది. అడవిలో పోరు ముదిరి ఊళ్ళు ఖాళీ అయిన ఏళ్ళలో అమ్మా నాన్నా శబరి ఏరు దాటి అవతలికి పోయారు. నేను అప్పటికే బచేలిలో ఒక బళ్ళో గుమాస్తాను. నాన్న, తరవాత అమ్మ, అవతలే చనిపోయారు. పాలేరు కొడుకు మాత్రం రెండేళ్ళకే తిరిగొచ్చి, తుప్పలు కొట్టి, తెగిన గట్టు కట్టి, ఆ మడి దున్నడం మొదలుపెట్టాడు. మమ్మల్ని అడగలేదు. అడగడానికి మేము ఇక్కడ లేము. పంటలో వాటా పంపమని మేమూ అడగలేదు. అలా అడగడం మా ఇంట్లో చిన్నతనం.

కాగితంలో మాత్రం ఇప్పటికీ మా నాన్న పేరే. వానలకు ముందు పట్వారీ వస్తాడని, పోయినవాళ్ళ పేర్లు తీసి ఉన్నవాళ్ళ పేర్లు ఎక్కిస్తాడని ఏప్రిల్‌లో తెలిసింది. పాలేరు కొడుకు నా గదికి వచ్చి, గుమ్మం బయటే నిలబడ్డాడు.

"దొరా, ఆ మడి మా పేరున ఎక్కేటట్టు సహమతి కాగితం రాసియ్యుండ్రి."

చూద్దాంలే అన్నాను. అతనికి ఆ మడి తప్ప వరి పండే నేల లేదు. నాకు ఆ మడి తప్ప మా ఇంటి పేరున్న నేల లేదు. ఆ తరవాత పది రోజులకే కోడలు సంతలో చదవమని అడిగింది. నేను ఒప్పుకోవడానికి సగం కారణం పొలం వైపు ఒక కన్నేసి ఉంచవచ్చని. మిగతా సగం, ఉద్యోగం విరమించాక నన్ను ఎవరూ ఏదీ చేయమని అడగకపోవడం.

ఇక ఆ మూడు వచనాలు. సౌలు అనే రాజు, అతని కొడుకులు యుద్ధంలో చనిపోయారు. గద్దె దావీదుకు వచ్చింది. చాలా ఏళ్ళ తరవాత దావీదు ఒక ప్రశ్న అడుగుతాడు: సౌలు ఇంట్లో ఇంకా ఎవరైనా మిగిలి ఉన్నారా? సౌలు కొడుకు యోనాతాను తన స్నేహితుడు గనక, అతని కోసం దయ చూపాలట. సీబా అనే పాత సేవకుణ్ణి పిలిపిస్తారు. ఒకడున్నాడు, యోనాతాను కొడుకు, రెండు కాళ్ళూ కుంటివి అంటాడు సీబా.

"మంచి రాజే" అన్నాను, అయిపోయినట్టు.

"జర ఆగుండ్రి" అంది కోడలు, నోటుబుక్కు తిప్పుతూ. "గా కాలంల కొత్త రాజు గద్దెనెక్కితే పాత రాజు ఇంటోళ్ళను ఎతికి ఎతికి సంపెటోళ్ళు. చుట్టుపక్కల రాజ్యాలల్ల గూడ గదే రివాజు. వారిస్ ఒక్కడు మిగిలినా రేపు గద్దె నాదంటడు గదా. ఇప్పుడు సూడుండ్రి. రాజు దయతోని అడుగుతున్నడని రాసినోడు మనకు చెప్పిండు. ఆ కుంటాయనకు ఎవరు చెప్పిండ్రు?"

నేను కాలు మార్చి కాలు మీద వేసుకున్నాను. వారిస్ అన్న మాట నాకు నచ్చలేదు. మీరు కాక ఇంకెవరైనా వారిస్ ఉన్నారా అని, ఏప్రిల్‌లో సంతలో కలిసినప్పుడు పట్వారీ కూడా నన్ను అడిగాడు. పెళ్ళి చేసుకోలేదు, తోడబుట్టినవాళ్ళు లేరు. లేరని చెప్పాను.

"ఈ కథ కావాలనే తీశావా?" అని అడిగాను.

ఆమెకు అర్థం కాలేదు, తరవాత అర్థమై నవ్వింది. పుస్తకంలో కిందటి పుట తిప్పి చూపించింది. "మేము వరుసగా పోతున్నం సారు. పోయిన వారం యుద్ధాల లిస్టు. హిందీల సదివి నాకొచ్చిన తెలుగుల చెప్పిన. అత్త నిద్రపొయ్యింది."

"నేనెక్కడ నిద్రపొయ్యిన?" అంది ముసలామె. "కండ్లు మూసుకొని కొట్లాట సూస్తున్న."

చదువు అయ్యాక అక్కడే భోజనం. అడ్డాకు విస్తర్లు పరిచి, అన్నం, చింతపండు పులుసు, ఎప్పుడైనా ఎండుచేప. ముసలామె నా కుర్చీ ముందు నేల మీద కూడా ఒక ఆకు పరిచేది. నేను సంచీలోంచి నా నీళ్ళ సీసా తీసి రెండు గుక్కలు తాగి లేచేవాణ్ణి. మా తాత ముందు ఆమె మామ తలపాగా తీసి నిలబడేవాడు. అక్కడ నేల మీద కూర్చుని తినడం నాకు రాదు. ఆమె ఏమీ అనుకోకుండా ఆకు మళ్ళీ మడిచేది.

"చినదొర ఆకు దాసిపెడుత. వచ్చే వారం కానొస్తది."

ఇలా మే నెలంతా గడిచింది. వారానికి మూడు వచనాలు, ఎక్కువైతే నాలుగు. నాకు పిచ్చెక్కేది. చదువుతూ ఉండగానే కింది వచనాల మీదికి నా కళ్ళు పరిగెత్తేవి. ఆ కుంటివాడు, పేరు మెఫీబోషెతు, లోదెబారు అనే చోట పరాయి ఇంట్లో ఉంటున్నాడని ఒక రోజు వచ్చింది. అది యొర్దాను నదికి అవతల అని, హిబ్రూ తెలిసినవాళ్ళ చెవికి ఆ పేరు మేత లేని చోటు అన్నట్టు వినిపిస్తుందని ఆమె చెప్పింది. ఐదేళ్ళ పిల్లవాడుగా ఉన్నప్పుడు, తాత, తండ్రి చనిపోయిన కబురు రాగానే దాది ఎత్తుకుని పరిగెత్తిందట. ఆ తొందరలో కింద పడేసింది. కాళ్ళు అప్పుడు పోయాయి.

"ఏరు దాటి పోయిండ్రన్నమాట" అంది ముసలామె. ఆ వాక్యానికి ఆ పందిరి కింద ఎవరికీ వివరణ అక్కరలేదు.

తరవాతి వారం రాజు అతనికి అభయం ఇచ్చే చోటు. తాత భూమంతా తిరిగి ఇప్పిస్తాను, ఎప్పటికీ నా బల్ల దగ్గరే తింటావు అంటాడు. నేను గంభీరంగా చదివాను.

ముసలామె చేత్తో ఆపింది. "ఏంది, రాజుకు బల్లనా?"

"అవును, బల్ల."

"పాపం. ఎన్నాళ్ళ సంది జరమో."

ఇరుగుపొరుగువాళ్ళు ఘొల్లున నవ్వారు. ఇక్కడ చలిజ్వరం పదే పదే వచ్చిన మనిషికి ఎడమ పక్క పొట్ట గట్టిపడితే దాన్ని బల్ల అంటారు. ఆ ఇళ్ళలో తినడానికి బల్లలు లేవు. ఆమెకు ఆ మాటకు తెలిసిన అర్థం అదొక్కటే. కోడలు నవ్వు ఆపుకుని, తన హిందీ పుస్తకంలో మేజ్ అని ఉందని చెప్పింది. "రాజు మేజ్ కాడ రోజు తినుడంటే రాజు కొడుకుల లెక్క. ఇజ్జత్. ఇంకో తీరుగ సూస్తే, పాత రాజు మనవడు రోజు మూడు పూటలు కండ్ల ముందర ఉంటడు. ఏడికి పోయిండు, ఎవరితోని కలిసిండు అని ఎతికే పని లేదు. సదువుకున్నోళ్ళు రెండు తీర్ల చెప్తరు."

"రెండింట్లో ఏది నిజం?"

"రెండు నిజమేనేమో సారు."

ఇదే నాకు పడేది కాదు. నలభై ఏళ్ళు దస్త్రాలు రాసినవాణ్ణి. ఏదో ఒకటి తేలాలి.

ఆ వారమే పేరు సంగతి కూడా వచ్చింది. అదే బైబిల్లో వంశాల జాబితాలో ఈ యోనాతాను కొడుకు పేరు మెరీబ్బయలు అని ఉందట. బయలు అన్యదేవుడి పేరు గనక, తరవాతి కాలం లేఖకులు అలాంటి పేర్లలో ఆ ముక్క తీసేసి, సిగ్గు అని అర్థం వచ్చే ముక్క పెట్టి రాశారని చాలామంది అనుకుంటారట. "మత్‌లబ్, ఆయన పుట్టిన పేరు ఒకటి, రాసినోళ్ళ చేతిల మిగిలింది ఒకటి" అంది. నేను తల ఊపాను. నా ధ్యాస పొలం మీద ఉంది. తాత భూమంతా తిరిగి ఇప్పిస్తానన్న రాజు, ఆ భూమి దున్నే పని సీబాకు అప్పగించాడు. సీబాకు పదిహేనుమంది కొడుకులు, ఇరవైమంది పనివాళ్ళు. దున్నేది అతను. పేరు వేరేవాళ్ళది. ఈ సీబా ఏం చేస్తాడు?

ఆ సాయంత్రం, పలకడం సాధన చేసుకుంటానని చెప్పి పుస్తకం నా గదికి తెచ్చుకున్నాను. తలుపు వేసుకుని సీబా పేరు కోసం పుటలు తిప్పాను. పదహారో అధ్యాయంలో దొరికాడు. దావీదు సొంత కొడుకే తిరగబడ్డాడు. రాజు నగరం వదిలి పారిపోతున్నాడు. దారిలో సీబా గాడిదల మీద రొట్టెలు, పండ్లు, ద్రాక్షారసం వేసుకుని ఎదురొచ్చాడు. నీ యజమాని ఏడీ అని రాజు అడిగితే, వెనకే ఉండిపోయాడు, తాత రాజ్యం తనకు తిరిగొస్తుందని చూస్తున్నాడు అన్నాడు. అయితే అతనిదంతా ఇక నీదే అన్నాడు రాజు. విచారణ లేదు, సాక్షి లేడు. ఒక్క మాటతో భూమి పోయింది.

అక్కడ పుస్తకం మూశాను. నాకు కావలసింది దొరికింది. ఆ వారమంతా గదిలో ఈ గోడ నుంచి ఆ గోడకు నడుస్తూ ఆ మాట ఎలా అనాలో అనుకుంటూ ఉన్నాను.

ఆదివారం పాలేరు కొడుకే అవకాశం ఇచ్చాడు. ఇంకా పుస్తకం తెరవలేదు. "దొరా, పట్వారీ పదిహేను దినాలల్ల వస్తడట" అన్నాడు, ఎద్దు పలుపు పేనుతూ, నా వైపు చూడకుండా.

"వస్తే రానీ. నీకేం తొందర? నువ్వు సీబావి."

పలుపు మీద అతని చెయ్యి ఆగింది.

"గదేంది? సీబా సేద్యం జేసేటోడు గదా" అంది ముసలామె.

నేను చెప్పాను. గాడిదలు, రొట్టెలు, అబద్ధం, భూమి. అందరి ముందూ, ఒక్క గుక్కలో. యజమాని ఇంట్లో లేనప్పుడు చక్కబెట్టుకునేవాణ్ణి ఆ పేరుతోనే పిలవాలి అన్నాను.

అతను లేచాడు. కోపంగా లేడు. అదే నన్ను ఎక్కువ బాధించింది.

"నేను గాడిదలు తోలుకొని ఎవల కాడికి పోయిన దొరా? మీ కాడికే వస్తి."

అని పలుపు భుజాన వేసుకుని ఎద్దుల దగ్గరికి పోయాడు.

కోడలు నోటుబుక్కు అంచు సరిచేసుకుంది. తరవాత, "సారు, మీరు తొమ్మిది కాడికెల్లి పదహారుకు దూకిండ్రు. పంతొమ్మిది సదివిండ్రా?" అని అడిగింది.

"లేదు."

"సీబా మళ్ళ గక్కడ వస్తడు. వచ్చే వారం గదే సదువుదాం."

"వరుస తప్పుతుందిగా?"

"తప్పిచ్చింది మీరే."

పుస్తకం ఇంటికి తీసుకుపొమ్మని ఆమె అనలేదు. అడగడానికి నాకు మొహం చెల్లలేదు. ఆ రోజు మా ఇంటి మర్యాద నిలబెట్టాననుకుంటూ వెనక్కి నడిచాను. సగం దారిలోనే ఆ అనుకోవడం ఆగిపోయింది.

ఆ వారం కుదురుగా కూర్చోలేకపోయాను. ఒక పొద్దున లేచి నేరుగా మడి దగ్గరికి వెళ్ళాను. చాలా ఏళ్ళ తరవాత దాన్ని దగ్గరగా చూడటం. వాగు కోసే వైపు మా నాన్న కాలంలో ప్రతి ఏడూ తెగే గట్టు ఇప్పుడు రాయి పేర్చి కట్టి ఉంది. రాళ్ళ మధ్య గడ్డి వేళ్ళు దిగాయి. అది ఒక ఏడాది పని కాదు. ఎదురుగా తునికాకు కట్ట నెత్తిన పెట్టుకుని ఒకామె వస్తోంది. నేను ఎవరో ఆమెకు తెలియదు.

"ఈ మడి ఎవరిదమ్మా?"

"దొర మడి."

"ఏ దొర?"

"ఏమో. ఎవలో ఉండెటోళ్ళట." ఆకు కట్ట సర్దుకుని పోయింది.

పేరు నిలిచే ఉంది. అందులో మేము లేము. నేను గట్టు మీద చాలాసేపు నిలబడ్డాను, కూర్చోలేదు.

ఆదివారం పందిరి కింద పాలేరు కొడుకు కూడా ఉన్నాడు. రాడేమో అనుకున్నాను. నేను పంతొమ్మిదో అధ్యాయం తెరిచాను. తిరుగుబాటు అణిగి రాజు తిరిగి వస్తున్నాడు. మెఫీబోషెతు ఎదురొచ్చాడు. రాజు వెళ్ళిన రోజు నుంచి క్షేమంగా తిరిగొచ్చే రోజు దాకా అతను కాళ్ళు బాగుచేసుకోలేదు, మీసం కత్తిరించుకోలేదు, బట్టలు ఉతికించుకోలేదు.

"ఆగుండ్రి" అంది కోడలు. "గా దేశంల ఏడుపు పట్టినోళ్ళు గట్ల ఉండేటోళ్ళు. ఈ మాట ఆయన చెప్పుకోలే. కథ రాసినోడే మన చెవిల ఏసిండు. అబద్ధం నోటితోని నిమిషంల చెప్పొచ్చు. మీసం నిమిషంల పెరగది."

"అంటే సీబా చెప్పింది అబద్ధం" అన్నాను వెంటనే. గొంతు నేను అనుకున్నదానికన్నా పెద్దగా వచ్చింది.

"గట్లనే అనిపిస్తది. ఇంకా సదువుండ్రి."

చదివాను. గాడిద మీద జీను వేయించుకుని మీతో వద్దామనుకున్నాను, కుంటివాణ్ణి, నా పనివాడే మోసం చేశాడు అంటాడు మెఫీబోషెతు. రాజు వింటాడు. ఇక మాటలెందుకు, నువ్వూ సీబా ఆ భూమి పంచుకోండి అంటాడు. నేను ఊపిరి తీసుకున్నాను. సగం. రాజు కూడా తేల్చలేక సగం అన్నాడు. నేను కూడా సగం ఇవ్వవచ్చు. న్యాయంగా, ఎవరికీ తల వంచకుండా. మనసులో కాగితం రాయడం కూడా మొదలైంది.

"అయిపోయిందా?" అంది ముసలామె.

"ఇంకొక్కటుంది" అంది కోడలు.

చదివాను. రాజు క్షేమంగా ఇల్లు చేరాడు, అది చాలు, భూమంతా అతన్నే తీసుకోనివ్వండి అంటాడు మెఫీబోషెతు.

"ఏందన్నడు?" ముసలామె చెవికి చెయ్యి పెట్టుకుంది.

మళ్ళీ చదివాను.

"గాలి కొట్టుకపోయింది చినదొరా. జర గట్టిగ."

మూడోసారి చదివాను. అంతా అతన్నే తీసుకోనివ్వండి. ముందు కూర్చున్న పాలేరు కొడుకు నేల మీద పుల్లతో గీతలు గీస్తున్నాడు, తల ఎత్తలేదు.

"నేను చదివాను, అంతే" అన్నాను.

"సదివిందే గదా" అంది ముసలామె. "ఇచ్చినవని ఎవలన్నరు?"

"చివరికి భూమి ఎవరికి పోయింది?" కోడల్ని అడిగాను.

"రాయలే సారు."

"రాయకపోవడమేమిటి? రాజు ఒప్పుకున్నాడా, సగమే ఉంచాడా?"

"రాయలే. ఆయన మనసుల నుంచి అన్నడా, రాజు ముందర మంచిగుండాలని అన్నడా, గది గూడ తెల్వది. గా మాట తోనే కథ అవతలికి పోతది."

ఆ రోజు నాకోసం పరిచిన ఆకు వైపు చూడలేకపోయాను. వెళ్తూ వెళ్తూ దాని అంచు తొక్కాను.

పట్వారీ వచ్చే ముందు రోజు గదిలో కూర్చుని కాగితం రాశాను. హిందీలో, గుమాస్తా చేతిరాతతో, మంచి కాగితం మీద. వాగు పక్క మడిలో సగం ఫలానా వ్యక్తికి ఎక్కించడానికి నాకు అభ్యంతరం లేదు. అతని పేరు, తండ్రి పేరు. తండ్రి పేరు దగ్గర కలం ఆగలేదు. మా ఇంట్లో మా పాలేరును అందరూ ఎడ్డోడు అనేవాళ్ళు. తాత, నాన్న, అమ్మ, నేను. కాగితంలో అలా రాయడం బాగుండదని గౌరవంగా ఎడ్డయ్య అని రాశాను. చివర ఆ అయ్య చేర్చినందుకు నాకు కొంచెం తృప్తిగా కూడా అనిపించింది.

బడి వరండాలో ప్లాస్టిక్ బల్ల వేసుకుని పట్వారీ కూర్చున్నాడు. ఇరవైమంది దాకా ఉన్నారు. నా కాగితం తీసుకుని పైకి చదివాడు. తండ్రి పేరు చదవగానే పాలేరు కొడుకు నెమ్మదిగా ముందుకొచ్చాడు. హిందీలోనే అన్నాడు, అది మా నాన్న పేరు కాదు సార్ అని.

పట్వారీ నా వైపు చూశాడు. "ఇది మీరు రాసిందేగా?"

"వాళ్ళింట్లో అలా పిలిచేవాళ్ళు" అన్నాడు అతను, నేను మాట్లాడేలోపే, నన్ను తప్పిస్తున్నట్టు.

"అంటే ఏమిటి?"

అతను కొంచెం తటపటాయించి, "బుద్ధూ అని సార్" అన్నాడు.

పట్వారీ నవ్వబోయి ఆపుకున్నాడు. వెనక ఎవరూ నవ్వలేదు. పాలేరు కొడుకు జేబులోంచి మడతపెట్టిన ఆధార్ నకలు తీసి బల్ల మీద పెట్టాడు. అందులో అతని తండ్రి పేరుంది. నా చిన్నప్పుడు నన్ను భుజాల మీద ఎక్కించుకుని వాగు దాటించిన మనిషి. ఆ పేరు నేను అంతకు ముందు ఎప్పుడూ వినలేదు. అరవై ఏళ్ళు దాటిన నాకు ఆ మనిషి పేరు తెలియదు. లేఖకుల సంగతి కోడలు చెప్పిన రోజున నేను తల ఊపాను కదా.

వేరే కాగితం ఇమ్మని అడిగాను. పట్వారీ బల్ల చివర నిలబడే రాశాను. ముందు పేరు. ఆధార్ చూసి ఒక్కొక్క అక్షరం, మూడుసార్లు సరిచూసుకుని. ఆ పేరు ఇక్కడ రాయడం లేదు, ఇందులో ఎవరి పేరూ రాయలేదు గనక. పొలం దగ్గరికి వచ్చాక సగం అన్న మాట రాయడానికి చెయ్యి పోలేదు. సగం అంటే ఏ సగమో నేను గట్టు మీద నిలబడి కొలిపించాలి. అక్కడ మళ్ళీ నేనే దొరనవుతాను. ఆ మాట వదిలేసి మడి అంతా అని రాసి సంతకం పెట్టాను.

దీన్ని మంచితనం అనుకోవద్దు. సగం న్యాయాధికారి ఇస్తాడు, మొత్తం దొర ఇస్తాడు అన్న పొగరు ఆ నిమిషంలో కూడా నాలో ఉంది. సిగ్గు కూడా ఉంది. ఏది ఎంత అని ఇప్పటికీ తేల్చుకోలేదు. అతను కాగితం రెండు చేతులతో తీసుకుని, తండ్రి పేరున్న చోట వేలు పెట్టి చదువుకున్నాడు.

ఆదివారం పొద్దున మొదటి వాన పడింది. బురదలో ఆ ఇంటికి వెళ్ళేసరికి ఆలస్యమైంది. పందిరి కారుతోందని అందరూ లోపల వసారాలో ఉన్నారు. చదువు లేకుండానే భోజనాలకు కూర్చున్నారు. నా కుర్చీ లేదు. ఆకూ లేదు.

"చినదొర ఇగ రాడనుకున్నం" అంది ముసలామె. "మడి లేకపాయె, ఇటెందుకొస్తడని."

"చదవాల్సింది ఇంకా ఉందిగా."

ఆమె నన్ను కిందికీ మీదికీ చూసింది. "ఒక్క మాట అడుగుత. ఇచ్చినవా, ఇడిసినవా?"

"తెలీదు."

"రాయలే అంటవు" అంది. కోడలు నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. అతను తల వంచుకునే నవ్వాడు. నేను ఆ ఇంట్లో అతని నవ్వు చూడటం అదే మొదలు.

గుమ్మం దగ్గర తడి కాళ్ళతో నిలబడే ఉన్నాను. ఎవరూ కూర్చోమనలేదు. ఇన్ని వారాలు అడగకుండా పరిచిన ఆకును ఇప్పుడు నేను నోరు తెరిచి అడగాలి. పులుసు వాసన వస్తోంది. వాన మళ్ళీ పెద్దదయింది. వెనక్కి తిరిగి నడవడానికి అది మంచి వాన కాదు, మంచి సాకూ కాదు.

"నా ఆకు దాచిపెట్టానన్నావు" అన్నాను.

ముసలామె మోకాలి మీద చెయ్యి ఆనించి లేచింది. చూరులో దోపిన అడ్డాకు విస్తరి తీసి, దుమ్ము దులిపి, నీళ్ళు చల్లింది. నేను అంచు తొక్కిన ఆకు అదే.

"కుర్సీ తెమ్మంటవా, కిందనేనా?"

"కిందనే" అన్నాను.